తువ్వాలు కింద నాలుగో వేలు

మా బావ పోయాడన్న కబురు మాచర్ల బస్సు కండక్టరు తెచ్చాడు. నేను బళ్లో లెక్కలు చెబుతున్నాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, "మాష్టారూ, మీ బావగారు తెల్లారుజామున పోయారంట. అక్కయ్యగారు మిమ్మల్ని ఉన్నపళంగా రమ్మన్నారు" అన్నాడు. వెళ్లబోతూ ఆగి, "మనిషంటే ఆయనండీ" అని కళ్లు తుడుచుకున్నాడు.

నిజం చెబుతాను. ఆ క్షణంలో నా మనసులో ముందు మెదిలింది దుఃఖం కాదు, అసూయ. నేను పోతే ఏ బస్సు కండక్టరు కళ్లు తుడుచుకుంటాడు? పోయినవాడి మీద కూడా ఏడుపేనా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. కానీ ఇన్నేళ్లుగా అలవాటైన పని ఒక్క పూటలో మానుకోవటం నావల్ల కాలేదు.

ఆయన మా అక్క భర్త. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అక్కే. నాకు పదిహేనేళ్లప్పుడు ఈయన వచ్చి, మా ఏసు గుళ్లో ఉంగరం తొడిగి, నా అక్కను బండెక్కించుకుని మాచర్ల అవతల అడవి అంచునున్న తన ఊరికి తీసుకుపోయాడు. ఆ రోజు మొదలైంది నా కడుపుమంట. నా ట్రైనింగు చదువుకు ఆయన ఎద్దుల జతలో ఒకదాన్ని అమ్మాడు. ఆ ఏడు దుక్కి అరువు ఎద్దుతో చేశాడు. ఆ సంగతి నాకు ఎప్పుడూ గుర్తు చేయలేదు. గుర్తు చేసి ఉంటే ఒకసారి పోట్లాడి తేలిక పడేవాణ్ణి. మేలు చేసి ఊరుకునే మనిషితో బతకటం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఆయన దగ్గర ఒక నాటు తుపాకి ఉండేది. గొట్టం మూతి నుంచి మందు దట్టించి పేల్చేది. జొన్న పాలు పోసుకునే రోజుల్లో అడవి పందులు చేలమీద పడితే చుట్టుపక్కల నాలుగూళ్ల వాళ్లు ఆయన్నే పిలిచేవాళ్లు. భుజాన తుపాకి, మెడలో తువ్వాలు వేసుకుని ఆయన వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద ముసలాళ్లు కూడా కాళ్లు ముడుచుకునేవాళ్లు. నేను నడిచి వస్తే చొక్కా మీద సుద్దపొడి ఉందని చెప్పేవాళ్లు. నేనూ లైసెన్సుకు రెండుసార్లు అర్జీ పెట్టాను. కచేరీలో ఆఫీసరు చదివి నవ్వాడు. "చేను లేదు, అడవి లేదు. బళ్లో తుపాకి ఎందుకు మాష్టారూ, పిల్లలు మరీ అల్లరా?" అన్నాడు. ఆ మాట మా బావకు చెబితే ఆయన నవ్వలేదు. నవ్వకపోవటం కూడా నాకు నచ్చలేదు.

నేను ఉద్యోగం చేసే నరసరావుపేటలో ఆ రోజుల్లో ఏడాదికోసారి, మిరపకాయల అమ్మకాలు అయ్యాక, మద్రాసు నుంచి ఒక షాపాయన వచ్చి సత్రం హాల్లో తుపాకులు పెట్టేవాడు. బోర్డు మీద ఏదో పెద్ద పేరు ఉండేది గానీ, మావాళ్లు దాన్ని తుపాకుల సంత అనేవాళ్లు. మొదట్లో లోపలికి పోవటానికి డబ్బులు లేవు. పైగా వచ్చినవాళ్లకు గోలీసోడా ఇచ్చేవాడు. పొడుగాటి బల్లల మీద తెల్లగుడ్డ పరిచి ముప్పై నలభై తుపాకులు వరసగా పెట్టేవాడు. లైసెన్సు ఉన్నవాళ్లు కొనేందుకు, లేనివాళ్లు చూసేందుకు గురజాల నుంచీ ఈపూరు నుంచీ బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. మా బావ మాచర్ల రైల్లో పొద్దున్నే దిగి, మా ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, "పదరా మాష్టారూ, చూడటానికి లైసెన్సు అక్కర్లేదు గదా" అనేవాడు. ఏటా అదే మాట.

ఆయన తుపాకిని చూసే పద్ధతే వేరు. ముందు చేతులు తువ్వాలుకు తుడుచుకునేవాడు. తుపాకి ఎత్తి, కళ్లు మూసుకుని, దాని కర్రభాగాన్ని చెంపకు ఆనించుకునేవాడు. "తుపాకిని చేత్తో గాదురా, చెంపతో చూడాలి" అనేవాడు. తర్వాత తుపాకిని నడిమికి మడిచి, గొట్టాల్లోంచి కిటికీ వైపు, ఆకాశంలోకి చూసేవాడు. "మబ్బు సరిగ్గా కనపడితేనే బేరం." షాపాయన అందరికీ కుర్చీలోంచే సమాధానం చెప్పేవాడు, మా బావ తుపాకి పట్టుకుంటే మాత్రం లేచి నిలబడేవాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేను, ఆయన పక్కనే నిలబడి ఉండేవాణ్ణి. లేచింది నాకోసం కాదని నాకు తెలుసు.

బేరం సంగతి చెప్పాలి. మావాళ్లు ఎడ్లసంతలో ధర పైకి చెప్పరు. తువ్వాలు కప్పి, కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుని చెబుతారు. ఎన్ని వేళ్లు పడితే అన్ని వందలు. ధర నలుగురి చెవిన పడితే నలుగురి కళ్లూ పడతాయని భయం. తుపాకుల దగ్గరా అదే పట్టు పట్టారు. మద్రాసాయనకు ఇదంతా కొత్త. అందుకని రెండు భాషలూ వచ్చిన నన్ను మధ్యలో నిలబెట్టారు. కొనేవాడు నా కుడిచెయ్యి పట్టుకుంటాడు. నేను ఎడమచేత్తో షాపాయన చెయ్యి పట్టుకుంటాను. రెండిటి మీదా ఒకే తువ్వాలు. అలా ఏడాదికోసారి నా చేతులకు కూడా కాస్త గౌరవం దక్కేది.

ఒక ఏడు బల్ల చివర ఒక జోడు గొట్టాల తుపాకి కనపడింది. దాని పక్క ఉక్కురేకు మీద రెండు కౌజుపిట్టలు చెక్కి ఉన్నాయి, ఒకటి ఎగురుతూ, ఒకటి వెనక్కి చూస్తూ. నేను దాన్ని మా బావకంటే ముందు చూశాను. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే ఇప్పటికీ అది నాకు ముఖ్యం గనుక. నేను చూసి, వేలితో ఆ పిట్టల్ని తడిమి, కొనలేనని తెలిసి నిలబడి ఉన్నాను. ఆయన వచ్చి, చేతులు తుడుచుకుని, దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. చానాసేపు కళ్లు తెరవలేదు.

"ఇది తీసుకుంటాన్రా" అన్నాడు మెల్లిగా. "పాతది ఇంక నమ్మేటట్టు లేదు. మందు అంటుకునే కాడ పగులు కనపడతంది. మీ అక్క రోజూ పోరు."

తువ్వాలు కప్పాం. షాపాయన ముందు నా అయిదు వేళ్లూ పట్టుకున్నాడు. నేను అది బావకు అందించాను. ఆయన నా నాలుగు వేళ్లు పట్టుకుని గట్టిగా ఒకసారి నొక్కాడు. అంటే అంతకు మించి లేదని. నేను ఎడమచేత్తో షాపాయనవి మూడు వేళ్లు పట్టుకున్నాను.

చెయ్యి జారలేదు. పొరపాటు పడలేదు. నేను లెక్కల మాష్టారిని. ఆ పిట్టలు ఆయన భుజాన ఊరేగటం నేను చూడలేను, అంతే. షాపాయన తల అడ్డంగా ఊపి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాలుగన్నావా?" అన్నాడు బావ.

"నాలుగే అన్నా బావా. కుదరదంటున్నాడు."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సర్లే, పోనీ. పద, మీ పిల్లలకు మిఠాయి కొనుక్కుని పోదాం" అన్నాడు. సాయంత్రానికి ఆ తుపాకి ఎవరో ఆసామి బండెక్కింది. ఆ పూట నేను తృప్తిగా అన్నం తిన్నాను. ఈ వాక్యం రాయటానికి నాకు చానా ఏళ్లు పట్టింది.

మరుసటి ఏటికి బయటి దేశాల సరుకు రావటం తగ్గిపోయిందన్నారు. నాలుగు వేళ్ల తుపాకి ఏడు వేళ్లయింది. ఆ తర్వాత రెండు చేతులూ చాల్లేదు. ధరలు తువ్వాలు కింద ఇమడక, షాపాయన ప్రతి తుపాకికీ దారంతో చీటీ కట్టేశాడు. బేరాలు పోయాయి, నా మధ్యవర్తిత్వమూ పోయింది. సోడా మానేశాడు. అణా టిక్కెట్టు పెట్టాడు, అది పావలా అయింది.

ఆ మధ్యలోనే, పందుల రోజుల్లో, బావ పాత తుపాకి ఆయన చెంప పక్కనే పగిలింది. అక్క ఉత్తరం రాయించింది. నేను వెళ్లేసరికి ఆయన పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెంప మీద నల్లటి చుక్కలు, చెవికి కట్టు. ఆ చెవికి మళ్లీ వినపడలేదు.

"ఒక చెవి చాల్లేరా" అన్నాడు నన్ను చూసి. "మీ అక్క పోరు వినటానికి రెండు చెవులు వృథా."

అక్క కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఇంతలో ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే రావటం మొదలుపెట్టారు. ఒకామె గుడ్లు, ఒకాయన పాలచెంబు, పాస్టరుగారు బైబిలు. ఆయన చుట్టూ అంతమంది కూర్చుంటే నాకు మంచం కోడు పక్కన కూడా చోటు దొరకలేదు. ఆయన్ను ఆ స్థితికి తెచ్చింది నేనే. అక్కడ నిలబడి కూడా, నాకు జ్వరమొస్తే ఇంతమంది వస్తారా అని లెక్క వేసుకున్నాను. నా బుద్ధి ఎలాంటిదో మీకు తెలియాలని చెబుతున్నాను.

తర్వాత ఆయన మళ్లీ తుపాకి కొనలేదు. పందులు వస్తే రేకుడబ్బా వాయించేవాడు. అయినా ఏటా సంతకు మాత్రం వచ్చేవాడు. పావలా టిక్కెట్టు అర్ధరూపాయి అయినా, ఇద్దరికీ ఆయనే కొనేవాడు. జనం పలచబడ్డారు. సాగర్ పనులు మొదలయ్యాక అడవి వెనక్కి జరిగింది, పందులు తగ్గాయి, మనుషుల కళ్లు ట్రాక్టర్ల మీద పడ్డాయి. "అర్ధరూపాయి పెట్టి కొనలేని వాటిని చూట్టం ఏంది, అదే డబ్బుతో సినిమా చూడొచ్చు" అని గుమ్మంలోంచే వెనక్కి పోయేవాళ్లు. మేం లోపలికి పోయేవాళ్లం. బావ చేతులు తుడుచుకుని, ఒక్కోదాన్నీ ఎడమచెంపకు ఆనించుకుని చూసేవాడు. నేను ఆయన కుడిపక్కన నడిచేవాణ్ణి. వినపడని పక్కన నాకు ధైర్యంగా ఉండేది.

ఆఖరి ఏడు హాల్లో సగం ఎవరికో అద్దెకిచ్చేశారు. బల్ల మీద మూడే తుపాకులు, మిగతా అంతా టార్చిలైట్లు. మేం కాక ఇంకో ఇద్దరున్నారు. షాపాయన బాగా ముసలివాడయ్యాడు. మా బావను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో నేర్చుకున్న తెలుగులో, బావ కుడిపక్కగా వచ్చి అన్నాడు: "ఆ పిట్టల తుపాకి జ్ఞాపకం ఉందా సార్? నాలుగు చెప్పి ఉంటే ఆ రోజు ఇచ్చేసి ఉంటాను. మీరు మూడులోనే నిలిచిపోయినారు."

బావ తుపాకి మడిచి, గొట్టాల్లోంచి కిటికీ వైపు చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి నా వైపు ఎడమచెవి తిప్పి, "ఏమంటన్నాడ్రా?" అన్నాడు.

"ఈ ఏడు ఎండలు ముదిరాయంటున్నాడు బావా."

"అవును. చానా ముదిరినయ్" అన్నాడు, తుపాకి జాగ్రత్తగా బల్ల మీద పెడుతూ.

బతికిపోయాననుకున్నాను. నావల్ల పోయిన చెవే నన్ను కాపాడిందనుకున్నాను. ఆ ఏటి తర్వాత షాపాయన రాలేదు.

మొన్న సమాధుల తోటలో నిలబడటానికి చోటు లేదు. నాలుగూళ్ల వాళ్లూ వచ్చారు. పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను చెప్పలేకపోయాను. దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని అందరూ నా వీపు తట్టారు. అందుకే ఇది రాస్తున్నాను. గొంతు పూడుకుపోయింది అంతకుముందు ఆదివారం జరిగినదానికి.

ఆ ఆదివారం గుడి అయ్యాక మధ్యాహ్నం బస్సుకు వెళ్లాను. ఆయన పంచలో అదే మంచం మీద ఉన్నాడు. గుండెల్లో నెమ్ము, మాట రావటం లేదు. అక్క జావ తేవటానికి లోపలికి పోయింది. నేను కుడిపక్కనే కూర్చున్నాను, అలవాటు కొద్దీ. ఆయన తల అటూ ఇటూ తిప్పి దేనికోసమో చూశాడు. నీళ్లా బావా అంటే కాదన్నట్టు కళ్లు ఆర్పాడు. మంచం పట్టె మీద ఉన్న తువ్వాలు చూపించాడు. చెమట తుడవాలేమో అనుకుని అందించాను. ఆయన దాన్ని మెల్లిగా లాక్కుని నా కుడిచేతి మీద కప్పాడు. తన చెయ్యి దాని కిందికి తెచ్చాడు.

నా నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. బలం లేకపోయినా, ఆ రోజులాగే ఒకసారి నొక్కాడు. తర్వాత ఒక వేలు వదిలేశాడు. మూడు వేళ్లు పట్టుకుని, నా మొహంలోకి చూశాడు. సత్రంలో తువ్వాలు దులిపే ముందు చూసిన చూపే అది. ఆయన టిక్కెట్లు కొన్న ప్రతి ఏడూ నాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

"బావా" అన్నాను.

లోపల అక్క గిన్నె తీస్తున్న చప్పుడు వినపడుతోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. తువ్వాలు కింద ఆయన చెయ్యి కదిలింది. వదిలేసిన ఆ నాలుగో వేలి కోసం కాసేపు తడుముకుని, దొరికాక దాన్ని కూడా మిగతావాటితో కలిపి పట్టుకున్నాడు. అక్క జావ తెచ్చి పక్కన పెట్టి, అది చల్లారిపోయేదాకా వదల్లేదు.