సరోజమ్మ స్నానాలగది

కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ సరోజమ్మ డ్యూటీలో నీళ్లు తాగేది కాదు. దాహం వేయక కాదు. మదనపల్లె నుంచి తంబళ్లపల్లె వైపు పల్లెలకు పోయే బస్సులో ఆడమనిషి నీళ్లు తాగితే, ఆ తర్వాతి సంగతి ఏమిటన్నదే కష్టం. బస్సు వెనక్కి మళ్లే చోట ఒక టీ అంగడి, దాని చుట్టూ బీడీలు కాల్చుకుంటూ మగవాళ్లు, ఆపైన కనుచూపు మేర వేరుసెనగ చేలు. డ్రైవరు అలా గట్టు దాటి వెళ్లి వచ్చేవాడు. సరోజమ్మ టికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని సీట్లోనే కూర్చునేది.

తర్వాత పుంగనూరు మీదుగా కుప్పం పోయే రూటు వేశారు. అక్కడ ఆమెకు ఒక ఆధారం దొరికింది. కుప్పంలో బస్సు ఆగే చోటికి దగ్గర్లో ఎలిజబెత్ అనే నర్సమ్మ ఇల్లు ఉండేది. ఒకరోజు సరోజమ్మ ముఖం చూసి, ఆమె ఏమీ అడగకుండానే పెరటి తలుపు తీసింది. "లోపలికి పోయి రామ్మా. సిగ్గు పడొద్దు. ఈ తిప్పలు మన ఆడోళ్లందరికీ తెలిసినవే" అంది. ఆ రోజు మొదలు ఆ రూటులో ఉన్నన్నాళ్లూ సరోజమ్మకు ఆ తలుపు తెరిచే ఉండేది.

అందుకే రిటైరై, మదనపల్లెలో ఒక మూడంతస్తుల అపార్టుమెంటులో ఇల్లు కొనుక్కునేటప్పుడు, భర్త తిమ్మప్ప బాల్కనీ ఎటువైపు ఉంది, గాలి వస్తుందా అని చూస్తుంటే, ఆమె నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్లి నిలబడింది. ఇంటికి ఉన్నది అదొక్కటే. కానీ పెద్దది, తూర్పు కిటికీ ఉన్నది. పాత టైల్స్ తీయించి, లేత ఆకుపచ్చవి తానే ఏరి వేయించింది. గీజరు పెట్టించింది. కూర్చుని స్నానం చేయడానికి వెడల్పాటి నాపరాతి పలక వేయించింది. తిమ్మప్ప టమోటా మండీలో కాటా దగ్గర పని చూసుకునేవాడు, తెల్లారకముందే వెళ్లిపోయేవాడు. ఆయన వెళ్లాక సరోజమ్మ తలుపు గడియ పెట్టుకుని తీరిగ్గా స్నానం చేసేది. ఎవరూ విజిలు వేయరు, ఎవరూ తలుపు కొట్టరు. జీవితంలో ఆమె కోరుకున్న భోగం అంతే, అది దొరికింది.

రెండో ఏడు వానలు వెనకపట్టాక ఒక పొద్దున ఆమె మెడ మీద చల్లగా ఏదో పడింది. తల ఎత్తి చూస్తే కప్పు మీద పళ్లెమంత పసుపు మరక, దాని నడుమ వేలాడుతూ ఇంకో చుక్క.

"వాన నీళ్లు దిగినట్టుండాయి, ఎండలొస్తే ఆరిపోతాది" అన్నాడు తిమ్మప్ప.

ఎండలొచ్చాయి. మరక ఆరలేదు సరికదా, గోడ దాకా పాకింది. రంగు పొరలు పొరలుగా లేచింది. తడిసిన గోనెసంచి వాసన పట్టుకుంది. తిమ్మప్ప ఎవరినో పిలిచి పుట్టీ పెట్టించి, పైన తెల్ల రంగు వేయించాడు. కొన్నాళ్లు శుభ్రంగా కనిపించి, ఆ రంగూ ఉబ్బి రాలింది. చివరికి సరోజమ్మ షవరు గొట్టానికి గొడుగు కట్టి, దాని కింద కూర్చుని స్నానం చేయడం మొదలుపెట్టింది. గొడుగు మీద టప్ టప్‌మని చుక్కలు పడుతుంటే ఆమెకు నవ్వూ వచ్చేది, కోపమూ వచ్చేది.

నవ్వు పోయి కోపమే మిగిలిన రోజు ఒకటి వచ్చింది. స్నానం ముగించి చీర కట్టుకుంటుండగా లోపల దభీమని చప్పుడైంది. వెళ్లి చూస్తే కప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి, గొడుగును చీల్చుకుని నాపరాతి మీద పడి ఉంది. పైన తుప్పు పట్టిన కమ్మి కనిపిస్తోంది. ఇంకాసేపు కూర్చుని ఉంటే అది తన నెత్తిన పడేది. సరోజమ్మ ఆ పెచ్చును చేతిలో పట్టుకునే మెట్లెక్కింది.

పై ఇంట్లో పరుపుల అంగడి అబ్దుల్ గఫార్ కుటుంబం ఉంటుంది. తలుపు తీసింది ఆయన భార్య సఫియా. అంతవరకూ ఇద్దరిదీ మెట్ల మీద ఎదురైతే పలకరించుకునే పరిచయం.

"ఇది సూడు సఫియా. మీ మురికి నీళ్లు దిగి దిగి నా కప్పు ఊడిపోతాండాది" అంది సరోజమ్మ.

సఫియా ముఖం ఎర్రబడింది. "మురికి నీళ్లేందక్కా? మా బాత్రూమ్ వచ్చి సూడు, అద్దం మాదిరి ఉండాది. యాడ పగిలిందో ఏమో, వచ్చి మా మీద పడితే ఎట్ల?"

"మీది కాకుంటే ఇంకెవరిదమ్మా? మీ పైన ఉండేది మిద్దే కదా."

"మిద్దె మీద నీళ్లేమో. నాకేం తెలుసు?"

మాట మీద మాట పెరిగింది. బస్సులో చిల్లర కోసమో సీటు కోసమో కొట్లాడుకునేవాళ్లను ఎంతమందినో సముదాయించిన సరోజమ్మ, ఆ రోజు తనను తాను సముదాయించుకోలేకపోయింది. సఫియా తలుపు చప్పుడయ్యేలా మూసేసింది. ఆ తర్వాత ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడ వైపు, ఒకరు రెయిలింగు వైపు చూసుకుంటూ పోయారు. 'మురికి' అన్న మాట అనకుండా ఉండాల్సిందని సరోజమ్మకు అనిపిస్తూనే ఉంది. కప్పు వైపు చూసినప్పుడల్లా మాత్రం అన్నది తక్కువే అనిపించేది.

ఒక శుక్రవారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే సఫియా. తెల్ల దుపట్టా తల మీదుగా కప్పుకుని నిలబడి ఉంది.

"అక్కా, మా బాత్రూమ్‌లో నీళ్లు పోయే జాలీకి గుడ్డ కుక్కి నీళ్లు నిలగట్టినా. బట్టలకు పెట్టే నీలిమందు డబ్బా అంతా దాంట్లో పోసినా. కింద నీలం పడితే తప్పు మాది. తెల్లనీళ్లు పడితే నువ్వు అన్న మాట ఎనక్కి తీసుకోవాల. నేనే కూర్చోని సూస్తా."

సరోజమ్మకు ఆ మాటతీరు నచ్చింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి బాత్రూమ్ వాకిట్లో వేసింది. ఇద్దరూ తలలెత్తి కూర్చున్నారు. చుక్క పడింది, తెల్లగా. కాసేపటికి ఇంకోటి, అదీ తెల్లగానే. మెడలు నొప్పి పుట్టాయి. సరోజమ్మ లేచి టీ పెట్టి తెచ్చింది. ఊరకే కూర్చోలేక మాటలు మొదలయ్యాయి. కురబలకోట వైపు సఫియా పుట్టిల్లు. చిన్నప్పుడు బస్సులో లేడీ కండక్టరును చూసి తానూ అట్లా కావాలనుకుందట. "మా నాయన ఎనిమిదో తరగతితోనే మాన్పించినాడు లే" అని నవ్వింది.

అలా నవ్వుతుండగానే ఆమె దుపట్టా మీద చుక్క పడింది. ఇద్దరూ చూశారు. బటాణీ గింజంత మరక, చక్కటి నీలం.

సఫియా దాన్ని వేలితో ముట్టుకుంది. వేలి కొన కూడా నీలమైంది.

"మాదేనక్కా" అంది. "జాలీ పక్కన టైలు కదుల్తాంటే ఎండాకాలంలోనే సూసినా. కాదేమోలే, కాదేమోలే అనుకుంటా వచ్చినా. పగలగొట్టాలంటే మాకుండేది ఈ బాత్రూమ్ ఒకటే. మెహ్రీన్‌కు నెలలు నిండినాయి. కుప్పంలో వాళ్లమ్మ కాలు ఇరగ్గొట్టుకోని మంచంలో ఉండాది, కాన్పుకు ఆడికి పంపేదానికి లేదు. పచ్చి బాలింతను పెట్టుకోని బాత్రూమ్ లేకుండా ఎట్లక్కా? మొగోళ్లు మసీదుకాడో అంగట్లోనో కానిచ్చుకుంటారు. ఆ బిడ్డ యాడికి పోవాల?"

మెహ్రీన్ ఆమె కోడలు. నిండు పొట్టతో రెయిలింగు పట్టుకుని మెట్లెక్కుతున్న ఆ అమ్మాయి సరోజమ్మ కళ్లముందు మెదిలింది. దాని వెంటే కుప్పం నర్సమ్మ ముఖం, ఆమె తెరిచి పట్టుకున్న పెరటి తలుపు గుర్తొచ్చాయి.

"ఈడికి రమ్మను. నువ్వూ రా. నా బాత్రూమ్ ఉండాది కదా."

"దినాలు పడతాదక్కా."

"పట్టనీ. ఇంటి తాళం ఇంకొకటి ఉండాది, ఇస్తా. నేను లేకపోయినా వచ్చి పోతాండండి."

పుంగనూరు మేస్త్రీ ఎల్లప్పను పిలిపించారు. సరోజమ్మ బస్సులో ఏళ్ల తరబడి సిమెంటు తట్టతో ఎక్కి దిగిన మనిషి. ఇప్పటికీ ఆమెను కండక్టరమ్మ అనే పిలుస్తాడు. మొదట కింది కప్పుకు నిచ్చెన వేసి సుత్తితో తట్టి చూశాడు. డొల్లగా పలికిన చోటల్లా కొట్టి రాల్చేశాడు.

"ఊడేదంతా నేనే ఊడగొట్టినా కండక్టరమ్మా. ఇంక ఎవరి నెత్తినా పడదు. పసిబిడ్డను తెచ్చినా భయం లేదు. పైన పని ముగిసి, ఇది బాగా ఆరినాకే పూత. పచ్చిమీద పూస్తే మళ్లీ ఇదే కథ."

పైన టైల్స్ పగలగొట్టి చూస్తే, జాలీ కింద పైపు చుట్టూ సిమెంటు పిండి పిండిగా ఉంది. పైపు మార్చి, చుట్టూ గట్టిగా నింపి, నీరు దిగకుండా మందు పూశాడు. నీళ్లు నిలగట్టి చూశాడు. ఒక మూల ఇంకా చెమ్మ కనిపించింది. మళ్లీ పూశాడు. నడుమ సోమలలో అతని బంధువుల పెళ్లి వచ్చి పని ఆగింది.

ఇన్ని రోజులూ రెండు ఇళ్లకూ ఒకటే బాత్రూమ్. అంతా సాఫీగా సాగిందని కాదు. సరోజమ్మ తన మగ్గు ఒక చోట పెడితే ఇంకో చోట ఉండేది. జాలీలో పొడుగు వెంట్రుకలు చుట్టుకునేవి. ఒకసారి సబ్బు నురగ మీద తిమ్మప్ప కాలు జారి గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. సరోజమ్మ తలకు నూనె పెట్టుకుని కూర్చున్నప్పుడే లోపల ఎవరో ఒకరు ఉండేవాళ్లు. "నీకు బుద్ధుండాదా, తాళం చేతికిస్తివి" అని తనను తానే తిట్టుకున్న రోజులూ ఉన్నాయి. అయితే సఫియా వెళ్లేటప్పుడు నేల మొత్తం కడిగి, తుడిచి వెళ్లేది. కింద పెట్టిన బకెట్టులో చుక్క పడటం కూడా మెల్లమెల్లగా తగ్గి, ఒకరోజు పూర్తిగా మానింది.

ఇంతలో మెహ్రీన్‌కు ఆడపిల్ల పుట్టింది. సాదియా అని పేరు పెట్టారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి బిడ్డకు నీళ్లు పోసింది సరోజమ్మ బాత్రూమ్‌లోనే. సఫియా నాపరాతి పలక మీద కూర్చుని, రెండు కాళ్లూ బార్లా చాపి, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుంది. సరోజమ్మ మోచేత్తో వేడి చూస్తూ నీళ్లు అందించింది. ముందు ఆ పసిది ఆకాశం బద్దలయ్యేలా ఏడ్చింది. వీపు మీద వేణ్ణీళ్లు ధారగా పడేసరికి ఏడుపు ఆపి, పెదవులు చప్పరిస్తూ ఊరుకుంది.

"దీనికీ నీ మాదిరే నీళ్ల పిచ్చి ఉన్నట్టుండాది అక్కా" అంది సఫియా.

సరోజమ్మకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఆమె ఎవరి దగ్గరా మాట్లాడేది కాదు, బస్సు తిరిగినన్నాళ్లూ దాని గురించి ఆలోచించే తీరికా ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి పొద్దునా గీజరు వేసి, తలుపు వైపు చెవి పెట్టుకుని ఉండటం అలవాటైంది. మెట్ల మీద సఫియా చెప్పుల చప్పుడు వినిపిస్తే టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది.

పైన పని ముగిసి, కొత్త టైల్స్ పరిచి, నీళ్లు నిలగట్టి చూసి సరేననుకున్నాక, తాళం తిరిగి ఇవ్వడానికి సఫియా వచ్చింది. "ఉండనీలే, యాడన్నా పారేసుకుంటే ఒకటి నీ దగ్గర ఉంటాది" అంది సరోజమ్మ. బాలింతకు నలభయ్యో రోజు పోసే చిల్లా స్నానం సంగతి వచ్చినప్పుడు మెహ్రీన్ నోరు విప్పింది. మెత్తటి పిల్ల, ఎక్కువగా మాట్లాడదు.

"కిందనే పోసుకుంటా అత్తమ్మా. ఆ కిటికీ ఎండ బాగుంటాది."

అలాగే కానిచ్చారు. ఎల్లప్ప మళ్లీ వచ్చి తుప్పు గీకి, కమ్మికి రంగు పూసి, కప్పుకు కొత్త పూత పెట్టాడు. అది ఆరేదాకా ఓపిక పట్టి, చివరికి సున్నమంత తెల్లటి రంగు వేయించింది సరోజమ్మ. ఈసారి రంగు నిలిచింది.

కుప్పంలో మెహ్రీన్ తల్లి కాలు కుదుటపడి, కర్ర పట్టుకుని నడుస్తోందని కబురు వచ్చింది. బిడ్డనూ తల్లినీ కొన్నాళ్లు అక్కడ వదిలి రావడానికి సఫియా బయలుదేరుతూ, "నువ్వూ రాక్కా, ఆ దోవ నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు" అంది. తిమ్మప్పకు సంగటి కెలికి పెట్టి సరోజమ్మ కూడా బస్సెక్కింది. దారి పొడుగునా ఊళ్ల పేర్లు చెప్తూ, ఏ మలుపులో బస్సు ఎంత ఊగుతుందో ముందే చెప్పి మెహ్రీన్‌ను పట్టుకోమంటూ కుప్పం చేర్చింది. మెహ్రీన్ తల్లి మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, సరోజమ్మను చూసి, ఎవరని కళ్లతో అడిగింది.

"కిందింట్లో పెద్దమ్మ" అంది మెహ్రీన్. ఆ తల్లి ఇంకేమీ అడగకుండా ఆమెకూ కంచం పెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరే. పుంగనూరు దాటేసరికి కిటికీలోంచి చల్లగాలి మొదలైంది. అన్ని రోజుల అలసట ఒక్కసారిగా తీర్చుకుంటున్నట్టు సఫియా కూర్చున్నచోటే నిద్రలోకి జారి, సరోజమ్మ భుజం మీదికి ఒరిగింది. దుపట్టా జారిపోతుంటే సరోజమ్మ మెల్లగా సర్ది, మదనపల్లె వచ్చేదాకా భుజం కదల్చకుండా కూర్చుంది.