సున్నా పాయింటు ఒకటి

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. అరకులో కాఫీ నర్సరీ ఉద్యోగం నాది. భార్య పోయాక కూతుర్ని ఎస్.కోట హాస్టల్లో వేసి, ప్రతి ఆదివారం నా పాత కారులో ఘాట్ దిగి చూసొచ్చేవాణ్ణి. ఎదురుగా కూర్చుని, అన్నం తిన్నావా అని అడిగాక ఇంకేం అడగాలో తోచేది కాదు. మా ఇద్దరి మధ్యా మాటలు నడిపింది వాళ్లమ్మే.

ఓ వర్షాకాలం కారు నల్లపొగ కక్కుతూ ఘాట్ మలుపుల్లో ఆగిపోసాగింది. వార్డెనుకు ఫోన్ చేసి కారు చెడిందని చెప్పి, వోల్టులు కొలిచే మల్టీమీటరు తెచ్చి, పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే సెన్సరుకు తగిలించాను. ఇంజను వేడెక్కాక మీటరులో అంకె సున్నా పాయింటు ఒకటికీ సున్నా పాయింటు తొమ్మిదికీ మధ్య ఊగాలి. నాది సున్నా పాయింటు ఒకటి దగ్గరే కూర్చుంది. అంటే పెట్రోలు తక్కువని లెక్క. కానీ నల్లపొగ పెట్రోలు ఎక్కువైతేనే వస్తుంది. సెన్సరు మార్చినా అంకె కదల్లేదు. నాకు పంతం పట్టుకుంది. మూడు ఆదివారాలు పోయాయి. ప్రతిసారీ పొద్దున్నే ఎస్.కోట బస్సు డ్రైవరు మా గుమ్మం ముందు ఆపి హారను కొట్టేవాడు. నేను బానెట్ కింద నుంచే రానని చెయ్యూపేవాణ్ణి.

నాలుగో ఆదివారం, పక్క చేలో రాగులు పండించే ముసలాయన గట్టు మీద ఆగాడు.

"ఏటి బాబూ సేత్తన్నావు? ఆ గొట్టం మొదల్లో టిక్కుటిక్కుమంటంది, ఇనబడనేదా?"

అక్కడ సబ్బు నురుగు రాస్తే బుడగలొచ్చాయి. సెన్సరుకు ముందే, గొట్టం అతుకులో ఉండే గాస్కెట్ పగిలి బయటి గాలి దూరుతోంది. ఆ గాలిని చూసి సెన్సరు పెట్రోలు చాలడం లేదని చెబుతుంటే, ఇంజను ఇంకా ఇంకా పోసుకుంటోంది. కొత్త గాస్కెట్ వేశాక అంకె చక్కగా ఊగింది. తలెత్తి చూస్తే ముసలాయన వెళ్లిపోయాడు. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఏడుపొచ్చింది.

తర్వాతి ఆదివారం ఇదంతా కూతురికి అరగంట చెప్పాను. దానితో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. అది అడ్డు రాకుండా విన్నది.

"బాగయ్యింది నాన్నా," అంది చివరికి. "కారు పాడైందని వార్డెన్ మేడం చెప్పారు. అయితే బస్సులో వస్తావనుకున్నాను. నాలుగు వారాలూ అరకు బస్సు ఆగినప్పుడల్లా గేటు కాడికెళ్లాను."