రాతి నూనె చుక్కలు ఆగినప్పుడు

నిన్న సాయంత్రం, బుసబుసమంటున్న కుక్కర్ ఉన్నట్టుండి మౌనమైపోయింది. కింద మంట మాత్రం అలాగే ఉంది. స్టవ్ ఆపేసి, పిల్లలిద్దరినీ వసారాలోకి లాక్కొచ్చాను. మా అత్తగారు నవ్వారు. చల్లారాక చూస్తే ఆవిరి గొట్టంలో పప్పు పొట్టు ఇరుక్కుని ఉంది. అప్పటినుంచీ నాగమణి మేడం గుర్తొస్తున్నారు.

మేడం కుప్పం ఆవిడ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మదనపల్లె కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. అంతకుముందు అస్సాంలో, షేల్ అనే పొరల రాతిని గాలి తగలకుండా వేడిచేసి నూనె తీసేచోట పనిచేశారు. ఖర్చు గిట్టక దాన్ని మూసేస్తే, గోనెసంచి నిండా ఆ రాళ్లు తెచ్చుకున్నారు. రాతిలోంచి వచ్చే గ్యాస్‌తోనే రాతిని వేడిచేయగలిగితే ఖర్చు తగ్గి ఫ్యాక్టరీ నిలబడుతుందని ఆమె నమ్మకం. సాయంత్రాలన్నీ అదే పని. ఆమె ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. ఎవరికి భయమేసినా ఆపమనవచ్చు. ముందు మంట ఆపాలి, కారణం తర్వాత అడగాలి. నవ్వినవాళ్లు ఆరోజు గాజు సామానంతా కడగాలి. పుంగనూరు నుంచి బస్సులో వచ్చే పిరికిపిల్లను నేనే. నేను ఆపమన్నప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వేవారు. “నీ పుణ్యాన మన ల్యాబు అద్దం మాదిరి ఉండాది” అనేవారు మేడం.

ఫ్యాక్టరీ పెట్టే ఆలోచనతో బెంగళూరు నుంచి ఇద్దరు చూడడానికి వచ్చారు. ఎన్నో ఏళ్లుగా మేడం ఎదురుచూసిన రోజది. రాతి ముక్కలు వేడెక్కాయి. గొట్టం చివర గోధుమరంగు నూనె చుక్కలు చుక్కలుగా పడుతుంటే వాళ్లు ముందుకు వంగారు. ఇంతలో చుక్కలు ఆగిపోయాయి. వాళ్ల ముందే ఆపమన్నాను. మేడం నావైపు చూడనైనా చూడకుండా బర్నర్ ఆర్పేశారు. చూస్తే, చన్నీళ్ల తొట్టిలోంచి వెళ్లే చోట నూనె మైనంలా గడ్డకట్టి గొట్టం పూడుకుపోయింది. ఒకాయన గడియారం చూసుకుని, ఆడపిల్ల జడుసుకుంటే ఆగిపోయే ఫ్యాక్టరీ ఏం నడుస్తుందని నవ్వాడు. మేడం సబ్బూ బ్రష్షూ తెచ్చి ఆయన ముందు పెట్టారు.

“మా ల్యాబులో నవ్వినోళ్లు కడగాలప్పా.”

ఆయన కడగలేదు. వాళ్లు మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం మేడం నన్ను బస్టాండు దాకా దిగబెట్టారు. నా వల్లే అవకాశం పోయిందా అని ఏడ్చాను.

“యాల ఏడుస్తావు పిల్లా? రాయి యాడికీ పోదు. గాజు పగిలింటే నీ కండ్లు యాడ తెచ్చేది?”

రిటైరయ్యేదాకా ఆమెకు మళ్లీ ఆ అవకాశం రాలేదు. ఆ పద్ధతి మాత్రం మార్చలేదు.

ఈ పొద్దున జడ వేయించుకుంటూ పెద్దది, అమ్మకు అన్నీ భయమే అంది. చిన్నాడు కిసుక్కుమన్నాడు. అవును, భయమే అన్నాను. “మీకూ భయమేస్తే గట్టిగా చెప్పండి. చేస్తున్న పని ఆపేసి వస్తాను. ఎందుకని తర్వాత అడుగుతాను.”