లివర్‌మోర్ తోటలో అత్తగారూ నేనూ

పోయిన నెలలో మా పాత స్నేహితురాలి మనవరాలి పెళ్ళి విందు కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో ఒక ద్రాక్షతోటలో జరిగింది. ఈమధ్య మన పిల్లలకి అదొక ముచ్చట. పచ్చిక మీద తెల్ల కుర్చీలు వేసి, వెనకాల తీగల వరసలు ఫోటోల్లో పడేలా వధూవరులను నిలబెడతారు. నా ముందు బల్లమీద పెట్టిన ఎర్ర వైన్ గ్లాసును నేను చేతికి పట్టిన అలవాటు కొద్దీ ఎత్తి, ఒకసారి తిప్పి, వాసన చూసి, మళ్ళీ కింద పెట్టేశాను. పక్కన కూర్చున్న, నా ఈడే ఉండే ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "మీరు చర్చివాళ్ళు కదండీ, ఇదెప్పటినించీ?" అని అడిగింది. "పదకొండేళ్ళు ఇదే నా ఉద్యోగమండీ, కానీ ఒక్క గుక్క కూడా మింగలేదు" అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. ఆ పాటల హోరులో ఆవిడకి చెప్పలేకపోయిన సంగతి, మా కాలం వాళ్ళకి త్వరగా అర్థమవుతుందన్న ధైర్యంతో ఇక్కడ చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో మేము అక్కడికి దగ్గర్లోని ఫ్రీమాంట్ వచ్చేసరికి ఊళ్ళో ఇంకా కాలీఫ్లవర్ మడులుండేవి, ఇళ్ళ మధ్య ఆప్రికాట్ చెట్లు మిగిలి ఉండేవి. మావారు ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. నేను గుంటూరులో నాలుగేళ్ళపాటు ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి వచ్చినదాన్ని. ఇక్కడ ఏ ల్యాబ్‌కి అప్లై చేసినా "అమెరికన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర కథ ఆగిపోయేది. అలా ఏడాదిన్నర గడిచింది. పొద్దున్నే మావారి కారు వీధి మలుపు తిరిగిన తరవాత సాయంత్రం దాకా గోడలు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేను వేరే చెప్పనక్కర్లేదు. చదివిన చదువు చేతుల్లోంచి కొద్దికొద్దిగా జారిపోతున్నట్టుండేది.

అప్పుడు మా అత్తగారు ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చారు. తెనాలి దగ్గర ఒక చిన్న ఊరు ఆవిడది. అక్కడి చర్చిలో, ఆవిడ మాటల్లో గుడిలో, ముప్ఫై ఏళ్ళుగా ప్రభుబల్ల దగ్గర రొట్టెతోపాటు అందరికీ పంచే ద్రాక్షరసం సిద్ధం చేసే పని ఆవిడదే. బజారు నుంచి నల్ల ఎండుద్రాక్ష తెప్పించి, మూడుసార్లు కడిగి, శనివారం పొద్దున నానబెట్టి, సాయంత్రం ఉడకబెట్టి, ఉతికిన పల్చటి పంచెలో వడగట్టేవారట. ఆ పనిని మరొకరి చేతికి ఇచ్చేవారు కాదు. ఇక మద్యం సంగతికొస్తే, కాంపౌండరుగా మంచి పేరున్న ఆవిడ తండ్రి తాగుడుతో నలభై ఏళ్ళకే పోయారు. పదిహేనేళ్ళ వయసులో ఆవిడ గుడిలో నిలబడి, తన ఇంటి గడపలోకి దాన్ని రానివ్వనని ఒట్టు పెట్టుకున్నారు. మా ఇంట్లోనూ ఆ ఒట్టు అలాగే సాగింది.

అంత నిష్ఠగల మనిషికి ఒక కోరిక మాత్రం మిగిలిపోయింది. పుట్టినప్పటినించీ ప్రసంగాల్లో ద్రాక్షావల్లి గురించి వింటూనే ఉన్నారు గాని, ద్రాక్షతీగను కళ్ళతో చూసింది లేదు. "చెప్పే అయ్యగారూ చూసుండరు, వినే మేమూ చూసుండం" అని నవ్వేవారు. మావారి ఆఫీసులో పనిచేసే హైదరాబాదు అబ్బాయొకడు శనివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు, నన్ను వదినా అనేవాడు. వాడు ఒకరోజు ఇది విని, "నేను మస్తు చూసిన అమ్మా, మా దిక్కు పందిళ్ళ మీద పాకిస్తరు, కింద మంచమేసుకొని పండొచ్చు" అన్నాడు. పందిరి కాదు, నేల మీద సొరపాదులా పాకుతుందని ఆవిడ పట్టు. ఈ తగవు తేల్చడానికే ఆ సెప్టెంబరు శనివారం మేము నలుగురం అతని పాత స్టేషన్ వ్యాగన్‌లో బయల్దేరాం. అత్తగారు ఒక షరతు పెట్టారు. తోట చూస్తారు, వైన్ ఉన్న ఇంటికప్పు కింద మాత్రం అడుగు పెట్టరు.

మొదట ఆగిన చోట వైన్ రుచి చూపిస్తామన్న పెద్ద బోర్డూ, కార్లూ, జనమూ ఉన్నాయి. అత్తగారూ మావారూ బయట చెట్టు నీడన నిలబడ్డారు. నేను గుమ్మందాకా వెళ్ళి లోపలికి తొంగిచూశాను. హైదరాబాదు మరిది గ్లాసందుకుని గుటుక్కుమనిపించాడు. పక్కనున్న పెద్దమనిషి మాత్రం వైన్‌ను నోట్లో పోసుకుని, పుక్కిలించి, బల్లమీది ఇత్తడి గిన్నెలో ఉమ్మేశాడు. మరిది కొయ్యబారిపోయాడు. బయటికొచ్చి, "తాగనీకి కాదట వదినా, తెలుసుకోనీకట. గింత దూరమొచ్చి ఉమ్ముడేంది!" అని వాపోయాడు. అందరం నవ్వాం గాని, తాగకుండానే దాని సంగతి తెలుసుకోవచ్చన్న మాట నా మనసులో ఎక్కడో తగులుకుంది.

అక్కణ్ణించి చిన్న మట్టిదారి పట్టుకుని వెళితే, కొండవాలు కింద పాత చెక్కల కొట్టమూ, దాని ముందు ఆలివ్ చెట్లూ కనిపించాయి. మనుషుల అలికిడి లేదు. చెట్ల కింద దుప్పటి పరచుకుని పులిహోర తింటుంటే, కొట్టంలోంచి అరవై ఏళ్ళు దాటిన ఒకావిడ మగవాళ్ళ బూట్లు వేసుకుని బయటికొచ్చింది. మా చీరల్ని చూసి ఆగిపోయి, తరవాత నవ్వి, పిలవకుండానే వచ్చి మా పక్కన కూర్చుంది. తోట ఆవిడదే. భర్త పోయి రెండేళ్ళయిందట. పులిహోర పెడితే మారు మాట్లాడకుండా తిని, వేరుశనగపప్పులు బాగున్నాయంది గాని ఇంగువ మాట ఎత్తలేదు. ఇంగువ ఘాటును మొదటిసారి చూసినవాళ్ళు ఎవరూ ఊరుకోరు. అది అప్పుడు నాకు తట్టలేదు.

అత్తగారి కోరిక చెప్పగానే ఆ పెద్దావిడ ఆమెను చెయ్యి పట్టుకుని లేపి తోటలోకి తీసుకెళ్ళింది. పందిరీ లేదు, నేలమీద పాకడమూ లేదు. నడుమెత్తు మోడులు, గూనివాళ్ళు వరసకట్టినట్టు, ఒక్కొక్కటీ తన కాళ్ళమీద నిలబడి ఉన్నాయి. వాటి నెత్తిన పచ్చటి కొమ్మలూ, ఆకుల కింద నల్లటి గుత్తులూ. అత్తగారు ఒక మోడుమీద పగుళ్ళిచ్చిన బెరడును వేళ్ళతో తడుముతూ, ఇంత పొట్టిగా ఎందుకు కత్తిరించారో అడగమన్నారు. ఏటా చలికాలంలో రెండు కణుపులు మాత్రం ఉంచి మిగతాదంతా కోసేస్తామనీ, ఈ మోడు తన మామగారు నాటినదనీ ఆవిడ చెబితే నేను తెలుగులో చెప్పాను. కొట్టం బయట గానుగలాంటి యంత్రం కింద అప్పుడే పిండిన రసం తొట్టిలోకి కారుతోంది. ఇంకా పులియలేదు, పసిపిల్లలకి కూడా ఇస్తామని చెప్పి ఆవిడ ఒక రేకు మగ్గుతో ముంచి ఇచ్చింది. అత్తగారు నా ముఖం చూసి, కళ్ళు మూసుకుని కొంచెం ప్రార్థించుకుని, తాగారు.

"ఇదా అమ్మాయ్!" అన్నారు. మళ్ళీ ఒక గుక్క తాగి, "ముప్ఫై ఏళ్ళు ఎండినదాన్ని ఉడకబెట్టి పోశాను. పచ్చిగా ఉన్నప్పుడు ఇట్టా ఉంటుందని ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి.

తరవాత ఆ పెద్దావిడ మమ్మల్ని కొట్టంలోకి రమ్మంది. మావారు తల్లి దగ్గరే ఉండిపోయారు. నేను గుమ్మం దగ్గర తటపటాయిస్తుంటే మరిది, "ఉత్తగ వాసన చూస్తే పాపం తాకుతదా వదినా? రా, జర చూద్దాం" అన్నాడు. వెనక్కి చూస్తే అత్తగారు వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. నేను లోపలికి వెళ్ళాను.

పెద్దావిడ పీపా మీద వేసిన పలక బల్లపై మూడు గ్లాసుల వైన్ పెట్టి, ఏం వాసన వస్తోందని అడిగింది. మొదటిదాన్ని ముక్కు దగ్గర పెడితే దోరజామకాయ కోసినప్పటి వాసన. రెండోది నేరేడుపళ్ళు, ఆ వెనకాల తొలకరికి తడిసిన నల్లరేగడి. ఇవన్నీ ఒక గ్లాసులో ఎలా దాగున్నాయో అన్న ఆశ్చర్యంతో నేను ఉన్న చోటు కూడా మరిచిపోయాను. జామకీ నేరేడుకీ ఇంగ్లీషులో సరైన మాటలు దొరక్క తెలుగులోనే చెప్పేశాను. మూడో గ్లాసు ఎత్తగానే చెయ్యి ఆగిపోయింది. గోళ్ళరంగు చెరిపే మందు వాసన. ఎమ్మెస్సీ ల్యాబులో రోజులకి రోజులు పీల్చిన వాసన అది, పొరబడే వీల్లేదు. "దీంట్లో ఇథైల్ ఎసిటేట్ ఉంది. ఇది వెనిగర్ కాబోతోంది" అన్నాను, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు.

ఆవిడ ముఖం పాలిపోయింది. గ్లాసు అందుకుని వాసన చూసి, మళ్ళీ చూసి, కింద పెట్టేసింది. మరిదిని తోట చూసి రమ్మని పంపేసి, నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ పన్నెండు పీపాలున్నాయి. పోయినేటి ఎర్ర వైన్ అంతా అందులోనే ఉంది. సోమవారం అన్నిటినీ ఒకే తొట్టిలో కలిపి సీసాల్లో నింపాలట. గాజుగొట్టంతో ఒక్కో పీపాలోంచి కొంచెం కొంచెం తీసి ఇస్తూ, ఒక్క మాటా మాట్లాడకుండా నా ముఖమే చూస్తూ నిలబడింది. నాలుగోదాని దగ్గరా, తొమ్మిదోదాని దగ్గరా నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఆ రెండిటిమీదా సుద్దముక్కతో గుర్తు పెట్టి, బోర్లించిన పెట్టెమీద కూలబడింది.

"ఏప్రిల్లో ఫ్లూ వచ్చింది. అప్పటినించీ నాకు ఏ వాసనా తెలియదు" అని చాలా నెమ్మదిగా చెప్పింది. "మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఇదంతా ఆయన చూసేవాడు. ఆయన తరవాత ఈ తోటకి నా ముక్కే దిక్కు. అది పోయిందని తెలిస్తే నా సరుకు ఎవరు కొంటారు? మా అబ్బాయికి కూడా చెప్పలేదు."

ముక్కూ మొహమూ తెలియని దేశంకాని దేశపు మనిషికి ఆ మాట చెప్పేసరికి నేనూ పక్కన కూర్చుని, ఎమ్మెస్సీ చదివినా ఇక్కడ ల్యాబ్ ఉద్యోగం దొరకని నా సంగతి చెప్పాను. ఆవిడ లేచి, మంగళవారమూ శనివారమూ వచ్చి పీపాలు చూస్తావా, జీతం ఇస్తాను, నువ్వు ల్యాబ్‌లో పనిచేశావని కాగితం మీద రాసి ఇస్తాను అంది. ఏడాదిన్నరగా ఒక్కరి నోట వినాలని కాచుకున్న మాటను ఆ చీకటి గదిలో, నేను వెళ్ళకూడని కప్పు కింద విన్నాను.

తిరుగు ప్రయాణంలో మరిది ఉద్యోగం విషయం బయటపెట్టేశాడు. ఆవిడ నన్ను బయట దాకా బతిమాలుకుంటూ రావడం చూశాడు మరి. మావారు స్టీరింగ్ దగ్గర లేకపోయినా రోడ్డువంకే చూస్తూ, "ప్రేయర్ గ్రూప్‌లో ఏం చెబుతాం? కల్లుదుకాణంలో పనిచేస్తోందంటారు" అన్నారు.

సాయంత్రం డబ్బాలు కడుగుతుంటే అత్తగారు పక్కకొచ్చి నిలబడ్డారు. ఆ పెద్దావిడ రహస్యం అత్తగారొక్కరికే చెప్పాను. విని, "నువ్వు మింగావా?" అన్నారు.

"లేదత్తయ్యా."

"మింగాలనిపించిందా?"

"వాసన చూస్తున్నంతసేపు ఇంకేమీ అనిపించలేదత్తయ్యా. ఏముందో కనిపెట్టాలనే అనిపించింది."

ఆవిడ ఒక గిన్నె తుడిచి బోర్లించి, "మా నాన్నకి దాంట్లో ఏముందో ఎన్నడూ అక్కర్లేకపోయింది" అన్నారు. ఇంకో గిన్నె అందుకుంటూ, "చూపులేని మనిషికి ఉత్తరం చదివిపెడితే ఆ ఉత్తరం మనదైపోద్దా? ఎల్లు. మింగనంతకాలం ఎల్లు. నీకు మింగాలనిపించిన రోజున నాకు రాయి" అన్నారు. మర్నాడు గుడికి బయల్దేరేముందు కొడుకుతో, మంగళవారం అమ్మాయిని దింపి ఆఫీసుకి వెళ్ళమని, అడిగినట్టు కాకుండా చెప్పేశారు.

ఊరికే జరిగిపోలేదు. మా చర్చివాళ్ళు నేను ఆదివారాలు పిల్లలకి చెప్పే సండేస్కూలు పాఠాలు మాన్పించారు. ఒక కుటుంబం మా ఇంట భోజనం మానేసింది. పిల్లల ముందు నిలబడే ఆ గంట పోయినందుకు నేను చాలా ఆదివారాలు ఏడ్చాను. రెండేళ్ళ తరవాత మళ్ళీ పిలిచారు, వెళ్ళాను. కానీ ఆ రెండేళ్ళలోనే నేను పులిసే రసం లోపల జరిగే రసాయనమంతా లైబ్రరీ పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను, కొట్టం మూలన చిన్న ల్యాబ్ పెట్టించాను. పెద్దావిడ తన నోట్‌బుక్కులో నా మాటల్ని వినబడినట్టే రాసుకునేది. ఒక పీపాకి నేరేడు, ఒకదానికి రేగడి. ఆవిడ ముక్కు సగమే తిరిగొచ్చింది. అత్తగారు తిరిగి వెళ్ళేటప్పుడు పులియకుండా కాచి మూతవేసిన రసం ఆరు సీసాలిచ్చి పంపింది. ఒకటి పెట్టెలో పగిలి రెండు చీరలు పాడైనా, మిగిలిన ఐదూ ఊరి గుడిలో బల్లకి అందాయని ఉత్తరం వచ్చింది. నాకు మాత్రం అత్తగారికి ఆ ఇంకో ఉత్తరం రాయవలసిన రోజు రానేలేదు.

పదకొండేళ్ళకి ఆవిడ తోట అమ్మేసింది. నేను ఆవిడ రాసిచ్చిన కాగితం పట్టుకుని ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆ కొండవాలు ఇప్పుడు ఇళ్ళతో నిండిపోయింది. వీధులకి ద్రాక్ష రకాల పేర్లు పెట్టారు. మిగిలిన తోటలకి వెళ్ళాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి, చెట్ల కింద దుప్పటి పరిస్తే ఎవరో వచ్చి ఇక్కడ కాదంటారు. లోపల ప్రతి గ్లాసు పక్కనా ఒక అట్టముక్క ఉంటుంది, ఇందులో చెర్రీ, పొగాకు, తడిరాయి వాసనలు వస్తాయని అందంగా అచ్చేసి. పిల్లలు ముందు అది చదివి, తరవాత ముక్కు పెట్టి, అవునంటే అవునంటారు. తప్పు వాళ్ళది కాదు. మా పెద్దావిడలా అడిగి, నోరు మూసుకుని, ఎదుటివాళ్ళు తమకు తెలిసిన మాట వెతుక్కునేదాకా ఎదురుచూసే మనిషి వాళ్ళకి దొరకలేదు, అంతే.