టచింగ్ వద్దు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ధైర్యవంతుణ్నని కాదు, నా పనే అలాంటిది. చేవెళ్లలో మాది ఫోటో స్టూడియో. పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టి ఇవ్వడం పాతికేళ్లుగా నా రోజువారీ పని. వాళ్లలో ఒక్కరూ ఇంతవరకు నన్ను పలకరించింది లేదు. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

నిరుడు ఎండాకాలం బాలమణక్క వచ్చింది. హిమాయత్‌నగర్ మనిషి. పట్నంలోది కాదు, మొయినాబాద్ దగ్గరి పల్లె. మొయినాబాద్ దాకా షేర్ ఆటోలో వచ్చి, అక్కణ్నుంచి బస్సు పట్టుకుని వచ్చింది. కూరగాయల తోటల్లో కూలికి పోతుంది, వయసు యాభై దాటి ఉంటుంది. తను మూడు నెలల పిల్లగా తల్లి ఒళ్లో ఉన్నప్పుడు మా బాపు, అంటే మా నాన్న, ఒక ఫోటో తీశాడట. తర్వాత నెల తిరక్కుండానే తల్లి పోయింది. ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోటో వానకు తడిసి అద్దానికి అతుక్కుంది. ఎవరో పీకబోతే తల్లి మొహం అద్దంతో పాటే ఊడొచ్చిందట. అప్పటికి ఈమెకు ఇంకా ఊహ తెలియదు.

"అందరు నువ్వు మీ అవ్వ లెక్కనే ఉన్నవంటరు తమ్మీ. ఒక్కపారి సూడాలె," అంది.

బాపు పోయి చాలా ఏళ్లయినా ఆయన నెగెటివ్‌ల డబ్బాలు నేను పారెయ్యలేదు. రెండు రోజులు వెతికితే దొరికింది. కవర్ మీద ఆయన పెన్సిల్ రాత: "హిమాయత్‌నగర్. తల్లి, పిల్ల. పిల్ల పండుకున్నది. తల్లి కండ్లు మంచిగ వచ్చినవి. టచింగ్ వద్దు." ఆ రోజుల్లో ఫోటోలో ఎవరైనా కళ్లు మూస్తే నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో కళ్లు దిద్దేవారు. దాన్నే టచింగ్ అనేవాళ్లు. బాపు అందులో ఘటికుడు. ఆయనే వద్దని రాశాడంటే ఇక చెప్పేదేముంది.

భూతద్దం పట్టుకుని ట్యూబ్‌లైట్ ముందు పెట్టి చూశాను. నెగెటివ్‌లో నలుపూ తెలుపూ తారుమారుగా ఉంటాయి. అయినా తల్లి నేరుగా చూస్తోందని, పిల్ల నిద్రలో ఉందని తెలుస్తూనే ఉంది.

నెగెటివ్‌లు స్కాన్ చేసే మిషన్ నా దగ్గర ఒకటుంది, ఇరవై ఏళ్ల పాతది. దాన్ని నడిపించే కంప్యూటర్ అంతకు ముందు వానాకాలం పిడుగుకు కాలిపోయింది. కొత్త లాప్‌టాప్‌కు దాని కేబుల్ పట్టదు. ఒకదాని వెనక ఒకటి రెండు అడాప్టర్లు పెట్టినా, మిషనూ లాప్‌టాపూ భూమి కాడ కొట్లాడుకున్న దాయాది పాలోళ్లలా ఒకదాని మొహం ఒకటి చూడలేదు. కంపెనీవాడు కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఎప్పుడో మానేశాడు. ఇంటర్నెట్‌లో దొరికిన వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించి నాలుగు రోజులు తిప్పలు పడ్డాక, ఒక మధ్యాహ్నం మిషన్ లైటు వెలిగింది. చిన్నపిల్లాడిలా మురిసిపోయాను.

ముందు ప్రివ్యూ వచ్చింది, తపాలా బిళ్లంత బొమ్మ. నా భార్య సునీత జిరాక్స్ మిషన్ దగ్గర్నుంచి వచ్చి చూసి, "అచ్చం బాలమణక్కనే గద," అంది. ఇద్దరం చూశాం. ఇది మాత్రం నేను ఎక్కడైనా గట్టిగా చెప్పగలను.

అదే సేవ్ చేసుకుంటే సరిపోయేది. నాకేమో పెద్ద ఫ్రేము కట్టి ఇవ్వాలని ఆశ. ఉన్నదాంట్లో అన్నిటికంటే ఎక్కువ క్వాలిటీ పెట్టి స్కాన్ నొక్కాను. పాత మిషన్ కదా, పన్నెండు నిమిషాలు పట్టింది. అంతసేపూ గరగరమని ఒకటే మోత. ఎదుటి చాయ్ హోటల్ వాళ్లు కూడా తొంగి చూశారు.

బొమ్మ తెర మీదికి వచ్చింది. తల్లి తల వంచి ఉంది. నడినెత్తిన పాపిట తప్ప ఏమీ కనబడటం లేదు. ఒళ్లో పిల్ల కళ్లు తెరిచి ఉంది.

వేరే ఫిలిం పెట్టానేమో అనుకున్నాను. మిషన్‌లో ఉన్నది ఆ ఒక్క ముక్కే. బయటికి తీసి అదే ట్యూబ్‌లైట్ ముందు పెట్టాను. అందులోనూ తల వంచే ఉంది. కేబుల్ మార్చి మళ్లీ ప్రివ్యూ చూశాను, అదే బొమ్మ. సునీత పోయి బయట మెట్ల మీద కూర్చుంది. మోతకు పిల్ల లేచిందా అని ఒక ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇంటర్నెట్‌లో స్కానర్ల వాళ్లను అడిగితే డ్రైవర్ మార్చి చూడమన్నారు. డ్రైవర్ తప్పయితే బొమ్మ గీతలుగా రావాలి, లేదా సగమే రావాలి. నెగెటివ్ ఎందుకు మారుతుంది?

ఏం చెయ్యాలో తోచక, వచ్చిందే ప్రింటు తీసి బాలమణక్క చేతిలో పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె తిట్టినా బాగుండేది. చాలాసేపు చూసి, "అవ్వ నన్నే సూస్తున్నది," అంది. బొమ్మలో ఆ పాపిట మీద వేలు పెట్టి, "మరి నేనెట్ల సూసుడు తమ్మీ?" అంది.

పెళ్లిళ్లలో వందల మొహాలు తీసినవాణ్ని, ఆమె అడిగిన ఒక్క మొహం ఇవ్వలేకపోయాను. ఉన్నదాన్ని కూడా నా చేత్తోనే పోగొట్టాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

వెళ్తూ వెళ్తూ ఆమే నాకు ధైర్యం చెప్పింది. "ఫికర్ జెయ్యకు. పిల్ల పండుకుంటె అవ్వ తల లేపుతది. జర సూస్తుండు."

ఏడాది దాటింది. చేవెళ్ల వచ్చినప్పుడల్లా ఆమె లోపలికి రాదు. రోడ్డు మీదే నిలబడి నా మొహం చూస్తుంది. నేను తల అడ్డంగా ఊపుతాను. ఆమె బస్సు ఎక్కడానికి పోతుంది.

ఎట్లా జరిగిందో నాకు తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కవర్ మీద బాపు రాత మాత్రం చెక్కుచెదరలేదు. స్కానర్ ప్లగ్ పీకేశాను. పొద్దున షట్టర్ చప్పుడు కాకుండా మెల్లగా ఎత్తి, ఏ పనికన్నా ముందు ఆ నెగెటివ్‌ను లైటుకు పెట్టి చూస్తాను. ఈ రోజు కూడా చూశాను.

పిల్ల ఇంకా పండుకోలేదు.