పై గొంతుల వరసలో రొట్టెల ఇథెల్

మా వేల్స్ లోయల్లో మనిషి చేసే పనే అతని ఇంటిపేరు. ఇథెల్ ప్రోబర్ట్ ఎవరంటే ఎవరూ చెప్పలేరు, రొట్టెల ఇథెల్ అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ముప్పై ఏళ్ళు రొట్టెల వ్యాను నడిపాడు. నలభై మూడేళ్ళుగా మా మగవాళ్ళ గానబృందంలో పై గొంతుల వరసలో పాడుతున్నాడు. గని మూతపడింది, సినిమా హాలు మూతపడింది. బృందం మాత్రం మంగళ, శుక్రవారాల్లో చర్చి వెనక గదిలో నోరు తెరుస్తూనే ఉంది. ఇథెల్ పక్క కుర్చీ నాది. నా పేరు హెవిన్. పై వరసలో మిగిలింది ఐదుగురం.

పై గొంతుల వాళ్ళకి పొగరెక్కువ. వెనక నిలబడి మంద్రంలో పాడేవాళ్ళని ఇథెల్ "ఆవుల కొట్టం" అనేవాడు.

మా దగ్గర ఒక నియమముంది. డెబ్బై దాటినవాడు ఏడాదికోసారి, బృందాన్ని నడిపే మార్గెడ్ ముందు ఒంటరిగా పాడాలి. ఏ వరసకీ గొంతు అందకపోతే, శాలువా కప్పినంత మర్యాదగా "గౌరవ సభ్యుడు" అని బిరుదిచ్చి, కచేరీ రోజు గుమ్మం దగ్గర లాటరీ టిక్కెట్లు అమ్మమంటారు.

ఈ ఏడు మొదటిసారిగా ఇథెల్ వంతొచ్చింది. శుక్రవారమని తెలిసిన దగ్గర్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నాలుగుసార్లు మా తలుపు కొట్టాడు. టీ పెట్టిస్తాడు, తాగడు. కూర్చుంటాడు, అంతలోనే లేచి కిటికీ దగ్గరకు పోతాడు. అతని భార్య ఎలునెద్ వదిన నాకు ఫోన్ చేసింది.

"హెవిన్, ఈ మనిషిని మీ ఇంట్లోనే కట్టేసుకో. నా తివాచీ అరిగిపోతోంది!"

గురువారం మధ్యాహ్నం ఇథెల్ అసలు సంగతి కక్కేశాడు.

"ఒరేయ్, నాకు పై స్వరం పోయి రెండేళ్ళయింది. అక్కడికొచ్చేసరికి ఊరికే నోరు తెరుస్తున్నా. పక్కన నువ్వు లాగేస్తున్నావు గనక సరిపోయింది."

రెండేళ్ళుగా నేనూ అక్కడ నోరు తెరిచి ఊరుకుంటున్నాను, ఇథెల్ పాడుతున్నాడన్న ధైర్యంతో. చెప్పేద్దామనుకున్నాను. కానీ నాకింకా అరవై తొమ్మిదే, పరీక్ష లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కుర్చీ పోతుందని భయమేసింది.

"ఏం కాదులే" అన్నాను.

"నీకేం, ఎన్నైనా చెబుతావు. లోపల మీరంతా పాడుతుంటే గుమ్మంలో టిక్కెట్లమ్ముతూ నిలబడాలా? నా వల్ల కాదురా."

శుక్రవారం అతను లోపలికెళ్ళాడు. నేను బయట అటూ ఇటూ తిరిగాను. పియానో మెట్టు మెట్టుగా పైకెక్కింది. ఇథెల్ గొంతు సగం దాకా వెళ్ళి తెగింది. మార్గెడ్ మళ్ళీ పాడించింది, మళ్ళీ తెగింది. తర్వాత పియానో కిందికి దిగడం మొదలుపెట్టింది. ఆ గొంతూ దిగింది, ఇంకా దిగింది, ఎక్కడా వణకలేదు.

బయటికొచ్చేసరికి ఇథెల్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొహంలో మాత్రం గాభరా పోయింది.

"ఆవుల కొట్టంలోకి తోసేసిందిరా. పోనీలే, పాడనిస్తోంది, అంతే చాలు." ముక్కు తుడుచుకున్నాడు. "పై వరస ఏమైపోతుందోనని బెంగపడింది పాపం. దిగులెందుకు, ఇన్నాళ్ళూ మోసుకొచ్చింది హెవినే అని చెప్పా. వచ్చే కచేరీలో ఆ పై స్వరమొచ్చే చరణం నీ ఒక్కడికే రాసుకుంది."

ఇక దాచడం నా వల్ల కాలేదు. అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను.

"మార్గెడ్, నన్ను కూడా పరీక్షించమ్మా. రెండేళ్ళుగా నేనూ ఉత్తి నోరే తెరుస్తున్నా. ఇథెల్ ఉన్నాడు కదా అనుకున్నా."

ఇథెల్ నన్ను తేరిపార చూశాడు.

"మరి ఇన్నాళ్ళూ పైన పాడిందెవర్రా?"

మార్గెడ్ మళ్ళీ పియానో ముందు కూర్చుంది. తర్వాత, "పై వరసలో మిగతా ముగ్గుర్నీ పిలవండి" అంది.