కెరెన్సా వేళ్ళు

ఆ రోజు దాకా మా పడవలో కెరెన్సా కడియం ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. బల్ల పక్కన మేకుకి వేలాడే ఇత్తడి కడియం అది. అందులోంచి దూరిపోయే ఆల్చిప్ప ఇంకా పిల్లదని లెక్క, తిరిగి నీళ్ళలోకి వెయ్యాల్సిందే. కెరెన్సా మాత్రం చిప్పని బొటనవేలితో ఒకసారి తడిమి చెప్పేసేది. ఆమె తప్పు పట్టుకోవాలని నేను కడియంతో కొలిచి ఎన్నిసార్లు నవ్వులపాలయ్యానో!

చలికాలమంతా ఆమెకి ఇదే పని. వేసవిలో మైలర్ రేవులో ఐస్‌క్రీం అమ్ముతూ, కొనడానికొచ్చిన వాళ్ళని లోలోపల తిట్టుకునేది. "అక్టోబరు రానీ, మళ్ళీ మనిషినవుతాను," అనేది. పడవంటే అంత పిచ్చి.

మా ఫాల్ ఏటి మొగలో ఇంజనుతో ఆల్చిప్పలు పట్టకూడదు. తెరచాపలే దిక్కు. గాలి పడవని నెడుతుంటే ఇనప వల అడుగంతా గీరుకుంటూ వస్తుంది, దాన్ని నేను చేత్తో లాగుతాను. పడవా, చుక్కానీ డిగొరీ బాబాయివి. ఆ చుక్కానిని ఆయన పెళ్ళానికి కూడా ముట్టనివ్వలేదని రేవులో ఎగతాళి చేసేవాళ్ళు. అది నిజమే.

ఒక జనవరి పొద్దున కెరెన్సా మేకు మీంచి కడియం తీసింది. నేను ఊరుకుంటానా?

"ఏంటక్కా, వేళ్ళు ముసలివైపోయాయా?"

"నోర్ముయ్‌రా, జాగో. నీ వల నువ్వు లాక్కో."

కడియం ఆమె చేతిలోంచి జారి పడింది. తీసింది, మళ్ళీ పడింది. చూస్తే ఆమె వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. నా నోటి దురుసుకి నాకే సిగ్గేసింది.

"బాబాయికి చెప్పకురా," అంది మెల్లగా. "తెలిస్తే దింపేస్తాడు. ఇక ఏడాది పొడుగునా ఆ ఐస్‌క్రీం బండేనా?"

చెప్పే పని లేకపోయింది. డిగొరీ బాబాయి చుక్కానిని తాడుతో కట్టేసి వచ్చి, గంపలోంచి ఒక చిప్ప తీసి కడియంలో పెట్టాడు. దూరిపోయింది. ఇంకోటీ దూరిపోయింది. అలాంటివి ఒడ్డుకి చేరితే ఆయన లైసెన్సే పోతుంది.

"ఇవి పిల్లలు, అమ్మాయ్."

"వేళ్ళకి తెలియట్లేదు బాబాయ్. చలి మొదలైనప్పట్నుంచీ ఇంతే."

ఆయన గంపంతా బల్ల మీద గుమ్మరించాడు. ఇక పడవ రేవుకి తిప్పేస్తాడనుకుని నాకు ఒళ్ళు మండింది.

"లే అక్కణ్ణించి," అని ఆమె పీట మీద తను కూర్చున్నాడు. "పోయి చుక్కాని పట్టుకో."

"నేనా? ఈ చేతులతోనా?"

"చంకలో పెట్టుకో. గాలి తెలియాల్సింది చెంపకి. అది బాగానే ఉందిగా?"

కెరెన్సా వెళ్ళి కూర్చుంది. పడవ కాస్త వంకర పోయింది. బాబాయి పిడికిలి బిగించాడు గానీ లేవలేదు. తల వంచుకుని ఒక్కొక్క చిప్పనీ కడియంలో పెట్టి చూసుకుంటున్నాడు. కాసేపటికి పడవ దారిన పడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వల వైపు తిరిగాను.

వెనక నుంచి కెరెన్సా గొంతు వినిపించింది.

"ఏం బాబాయ్, కడియం లేందే చేతకాదా?"